నిలబడే డ్యూటీ

నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. దివిసీమలో మా ఇంట్లో రెండు గేదెలుండేవి, పాలకీ పెరుగుకీ లోటు లేదు, నేను పెరిగాను. మీసం కూడా ఎవరూ అడక్కుండానే గుబురుగా పెరిగింది. పెరగనిది గొంతు ఒక్కటే. పన్నెండేళ్ళ వయసులో ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఉంది. మా ఊరి చర్చిలో పాటలు పాడేటప్పుడు నన్ను ఆడవాళ్ళ వరసలో వెనక నిలబెట్టేవారు. ఫోనెత్తి హలో అంటే, "అమ్మా, మీవారున్నారా?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉన్నారండి అని చెప్పి, కాసేపాగి మళ్ళీ నేనే మాట్లాడతాను.

ఈ ఒంటితో, ఈ గొంతుతో పోలీసు శాఖలో కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులుగా బయటపడ్డాను. సర్వీసు చాలావరకు బెజవాడలోనే గడిచింది. అంత సర్వీసులోనూ నేను ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కొట్టాల్సిన అవసరం నాకు రాలేదు, నన్ను వాడుకున్నదే అందుకు.

చేరిన కొత్తల్లో ఆటోనగర్‌లో బ్యాటరీలు దొంగిలించే ఒకతన్ని పట్టుకురమ్మని నన్నొక్కణ్ణే పంపారు. తలుపు కొట్టాను. అతనే తీశాడు. "నమస్కారమండి. సీఐ గారు మిమ్మల్ని ఒకసారి స్టేషన్ దాకా రమ్మన్నారండి," అన్నాను. మా వైపు నోరు తెరిస్తే అండీ దానంతటదే వచ్చేస్తుంది, ఎదుటివాడు దొంగా దొరా అని చూడదు. నా మొహం చూసి బిగుసుకుపోయినవాడు కాస్తా నా గొంతు విని నెమ్మదించాడు. "అన్నం ముందు కూర్చున్నానండి, తినేసి వచ్చేస్తా. మీరు పదండి," అన్నాడు. "అలాగేనండి, నిదానంగా తినండి," అని వచ్చేశాను. అతను ఇప్పటికీ తింటూనే ఉన్నాడు.

దాంతో నన్ను ట్రాఫిక్‌కి తోసేశారు. కొన్నేళ్ళు బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో నిలబడి లారీలకి చెయ్యి చూపించాను. అక్కడే ఒక సీఐ గారి కళ్ళలో పడ్డాను. ఆయన జీపు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. గీత దాటేసిన ఒక లారీ డ్రైవరు నన్ను చూసి, నేను ఏమీ అనకముందే, వెనక్కి వెనక్కి పోయి గీత వెనకాల ఆపుకున్నాడు. నిజానికి నేనప్పుడు ఆవలిస్తున్నాను. ఆ సంగతి డ్రైవరుకీ తెలియదు, సీఐ గారికీ తెలియదు. వారం తిరక్కుండా నన్ను తన స్టేషన్‌కి వేయించుకున్నారు.

ఆయన ఆలోచనాపరుడు. నన్ను ఎదురుగా నిలబెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి, సంతలో ఎద్దుని చూసినట్టు చూసి, అప్పుడు పాఠం చెప్పారు.

"ఇదివరకటి రోజులు కావయ్యా ఇవి. కొడితే ఎవడో ఒకడు ఫోన్లో తీస్తాడు, సాయంత్రానికల్లా టీవీలో వస్తుంది. నిలబడటాన్ని ఎవడు తీస్తాడు? తీసినా అందులో ఏముంటుంది? ఒక పోలీసు నిలబడి ఉన్నాడు, అంతేగా. ఏ కోర్టు తప్పు పడుతుంది?"

తర్వాత షరతులు చెప్పారు. నేను నోరు విప్పకూడదు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరింట్లోనూ కూర్చోకూడదు. ఎవరేమిచ్చినా పుచ్చుకోకూడదు, మంచినీళ్ళతో సహా. గుమ్మంలోంచి గబుక్కున రాకూడదు, తల వంచి నెమ్మదిగా రావాలి. లోపలున్నవాడికి ముందు బూట్లు కనపడాలి, తర్వాత బెల్టు, ఆ తర్వాత మీసం. "కొండపల్లి బొమ్మలా నిలబడు. మిగతాది వాళ్ళే చూసుకుంటారు," అన్నారు.

స్టేషన్లో దీన్ని నిలబడే డ్యూటీ అనేవాళ్ళం. రిజిస్టర్లో మాత్రం బందోబస్తు అని రాసేవాళ్ళం. చిన్న కేసుల్లో అరెస్టు చెయ్యకుండా ముందు నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది కదా, మేము చట్టాన్ని తూచా తప్పకుండా పాటించాం. ఎస్సై గారు నోటీసు చదివేవారు, వెనక నేను నిలబడేవాణ్ణి. రెండో వాక్యం పూర్తయ్యేలోపే మనిషి వెళ్ళి జీపులో కూర్చునేవాడు. స్వచ్ఛందంగా హాజరయ్యాడని రాసుకునేవాళ్ళం. ఒకాయన కంగారులో భార్య చెప్పులేసుకుని ఎక్కాడు. కొన్నాళ్ళకి మిగతా స్టేషన్లవాళ్ళు కూడా, పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగినట్టు, ఒక పూటకి పంపండి అని నన్ను అడిగి తీసుకెళ్ళేవారు.

అబద్ధమెందుకు, నాకది బాగానే ఉండేది. ఇంట్లో బల్లి కనపడితే మంచమెక్కే మనిషిని. అలాంటివాణ్ణి చూసి ఊళ్ళో రౌడీషీటర్లు లేచి నిలబడుతుంటే ఎవరికి బాగుండదు? నేను ఎవరినీ ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు, కాబట్టి నాకు ఏ పాపమూ అంటదని గట్టిగా నమ్మాను. ఆదివారం చర్చిలో అందరికంటే వెనక నిలబడి, సన్నటి గొంతుతో హాయిగా పాడుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక పెళ్ళిలో ఒక పెద్దమనిషి బూట్లు పోయాయి.

ఆయన ఎవరో చెప్పను. మా శాఖలో బదిలీలు ఆయన నోటి మాట మీద జరిగేవని చెబితే చాలు. అక్షింతలు వెయ్యడానికి వేదిక కింద బూట్లు విప్పి పైకెక్కారు. దిగేసరికి లేవు. మీగడరంగువి, ముందు కోసుగా ఉండేవి, ఎక్కడో విదేశంలో కొన్నవట. ఆయన మేజోళ్ళతోనే కారు దాకా నడిచి వెళ్ళారు. ఆ నడకని ఎవడో ఫోన్లో తీసి నలుగురికీ పంపాడు. అక్కడితో అది బూట్ల కేసు కాకుండా పోయింది, పరువు కేసు అయింది. సీఐ గారికి ఒక్క ఉదయంలోనే నాలుగు ఫోన్లు వచ్చాయి. ఇళ్ళల్లో దొంగలు పడి నెలల తరబడి మా స్టేషన్ చుట్టూ తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళకి దొరకని ప్రత్యేక బృందం ఆ జత బూట్లకి దొరికింది.

వేదిక దగ్గర కెమెరా పని చెయ్యడం లేదు. వంటశాల వెనక గేటు కెమెరా పని చేస్తోంది. అందులో వడ్డన చేసే ఒకతను ఉబ్బెత్తుగా ఉన్న సంచీ పట్టుకుని బయటికి వెళ్తున్నాడు. సీఐ గారికి ఆ సంచీలో బూట్లు కనిపించాయి. ఆయన వేలు పెట్టి చూపించాక మాక్కూడా కనిపించాయి.

అతని ఇల్లు కొండవాలు మీద. బెజవాడలో కొండల మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి జీపులు పోవు, మెట్లెక్కాలి. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఎస్సై గారు కుర్రవారు, చకచకా ఎక్కేశారు. నాకప్పటికే మోకాళ్ళు అరిగాయి. నూటపాతిక కిలోల ఒంటిని ఒక్కో మెట్టు మీదికీ లాక్కుంటూ, మధ్యమధ్యలో గోడ పట్టుకుంటూ ఎక్కాను.

నేను చేరేసరికి లోపల మాటలు వినిపిస్తున్నాయి. ఎస్సై గారు సంచీలో ఏం పట్టుకెళ్ళావని అడుగుతున్నారు. "పూర్ణాలండి. బంతులయ్యాక మిగిలాయి. మా వంట మేస్త్రి గారే పట్టుకెళ్ళమన్నారండి," అంటున్నాడు. తడబాటు లేని మాట. "సంచీ కూడా ఉందండి, నెయ్యి మరకలైతే మా ఆవిడ ఉతికి ఆరేసింది, చూస్కోండి." నలభై ఏళ్ళుంటాయి. మర్నాటి పెళ్ళికి కాబోలు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇస్త్రీపెట్టె చేతిలోనే ఉంది. అప్పటికి అతను భయపడలేదు. ఆ మాట మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను.

అప్పుడు నేను తల వంచి లోపలికి వెళ్ళాను. బూట్లు, బెల్టు, మీసం.

మెట్లెక్కిన ఆయాసానికి నా రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. అది ఆయాసమని నాకు తెలుసు. అతనికి కోపంలా కనపడింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. అతని భార్య ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసింది, నేను కూర్చోలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నా నాలుక పిడచకట్టుకుపోతోంది. ఆ నీళ్ళ కోసం ప్రాణం లాగుతున్నా, షరతు ప్రకారం నేను గ్లాసుకేసి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి వెనక్కి జరిగింది.

ఇంతలో నుదుటి మీద చెమట కారి కంట్లోకి దిగింది. మంట పుట్టింది. తుడుచుకుందామని కుడిచెయ్యి ఎత్తాను.

అంతే. అతను రెండు చేతులూ తల మీద పెట్టుకుని గోడమూలకి ఒదిగిపోయాడు. "కొట్టద్దు సార్! నేనే సార్! నేనే తీశాను!" అని అరిచాడు.

ఎస్సై గారి మొహం వెలిగిపోయింది. "ఏం తీశావురా?"

"మీరు చెప్పండి సార్. అదే తీశాను."

ఏం పోయిందో అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అతని భార్య మొగుడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఎస్సై గారే బూట్లు అని అందించారు, అతను బూట్లే సార్ అన్నాడు. నా చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది. చెమటండి అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఈ పీల గొంతు అతను వింటే ఫక్కున నవ్వేసేవాడేమో కూడా. కానీ నోరు విప్పకూడదు కదా. చెమట తుడుచుకుని చెయ్యి దించేశాను.

స్టేషన్లో అతన్ని రికార్డుల గది వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. అరెస్టు చూపించలేదు. బూట్లు దొరికాక రెండూ కలిపి చూపిద్దామన్నారు సీఐ గారు. మరి బూట్లేవి? అతనికి తెలిస్తే కదా. కాలవలో పారేశానన్నాడు. బెజవాడ నడిబొడ్డున మూడు కాలవలు పారుతున్నాయి. ఎస్సై గారికి బందరు కాలవ అని చెప్పాడు, సీఐ గారికి ఏలూరు కాలవ అన్నాడు, సెంట్రీ ఊరికే అడిగితే రైవస్ కాలవ అన్నాడు. అడిగినవాళ్ళ మొహం చూసి, వాళ్ళకి ఏ కాలవ ఇష్టమో ఆలోచించి చెప్పేవాడు. ఎవర్నీ నొప్పించకూడదనేదే అతని తాపత్రయం. వడ్డన చేసే మనిషి కదా.

ఈతగాళ్ళని పెట్టి మూడు కాలవలూ వెతికించాం. కాలవలు మమ్మల్ని వట్టి చేతులతో పంపలేదు. తెగిన హవాయి చెప్పులు, బడిపిల్లల నల్లబూటు ఒకటి, మడమ ఊడిన ఆడవాళ్ళ చెప్పు ఒకటి, ఇంకా ఏవేవో వచ్చాయి. అన్నిటినీ స్టేషన్ పిట్టగోడ మీద వరసగా ఆరబెట్టాం. పెద్దమనిషి గారి పీఏ వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఒక్కొక్కదాని ముందూ ఆగి "ఇది కాదండి, ఇది కూడా కాదండి" అంటూ చివరిదాకా చూశారు. దారిన పోయే ఒక పెద్దావిడ ఆగి, చెప్పులు ఇక్కడ కుడతారా నాయనా అని సెంట్రీని అడిగింది.

నవ్వొస్తుంది కదా. నాక్కూడా నవ్వొచ్చింది, రెండో రోజు మధ్యాహ్నం దాకా. అప్పుడు అతని వంట మేస్త్రి వచ్చాడు. పూర్ణాలు నేనే ఇచ్చానని చెబుతాడేమోనని ఆశగా చూశాను. ఆయన గుమ్మంలో నన్ను చూశాడు, ఆ మాట మింగేశాడు. "పది పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళమండి. దొంగని పెట్టుకున్నానంటే రేపు నన్ను ఎవరు పిలుస్తారండి?" అని ఎస్సై గారితో చెప్పి, బల్ల మీదున్న మనిషి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం అతని భార్య ఆ తెల్ల చొక్కా మడతపెట్టి తెచ్చింది. వడ్డనవాళ్ళకి మేస్త్రి ఇచ్చే చొక్కా అది, తిరిగి ఇచ్చెయ్యమన్నారట, ఆయన ఇక్కడున్నారేమోనని వచ్చింది. చక్కగా ఇస్త్రీ చేసి ఉంది. సగంలో ఆగిన ఇస్త్రీని ఆవిడే పూర్తి చేసినట్టుంది.

పన్నెండేళ్ళుగా అతను ఆ మేస్త్రి దగ్గర చేస్తున్నాడు, వేరే పని రాదు. ఎవరూ లేనప్పుడు ఒక టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి అతనివైపు జరిపాను. అతను గోడకి ఇంకా అతుక్కుపోయాడు. టీ చల్లారిపోయింది గానీ ముట్టలేదు.

ధైర్యం చేసి సీఐ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, అతను తియ్యలేదండి. నేను చెమట తుడుచుకోబోయానండి."

"తుడుచుకో. ఎవరొద్దన్నారు?"

"అది కాదండి. చెయ్యెత్తింది చెమట కోసమండి. కొడతాననుకుని భయపడి ఒప్పుకున్నాడండి."

సీఐ గారు నన్ను జాలిగా చూశారు. "భయపడే కదయ్యా ఒప్పుకునేది? భయం లేకుండా ఒప్పుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, నా మంచి కోరి చెబుతున్నట్టు, "బయట మాత్రం ఇలా నోరు విప్పకు. నువ్వు మాట్లాడతావని తెలిస్తే నీకు విలువ ఉండదు," అన్నారు.

సరేనండి అన్నాను. ఇంకో మాట అనొచ్చు, పై ఆఫీసరు దగ్గరికి వెళ్ళొచ్చు, కనీసం బల్ల దగ్గరికి వెళ్ళి అతనితో నాలుగు ముక్కలు మాట్లాడొచ్చు. అవేవీ చెయ్యలేదు. ఆరడుగుల మూడంగుళాల మనిషిని, సరేనండి అని బయటికొచ్చి మళ్ళీ నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మూడో రోజు బూట్లు దొరికాయి. కాలవలో కాదు, సున్నుండల్లో.

ఈమధ్య మన పెళ్ళిళ్ళలో ఒక సరదా వచ్చి చేరింది. పెళ్ళికూతురి చెల్లెళ్ళు పెళ్ళికొడుకు బూట్లు దాచేసి, కట్నం ఇస్తేగానీ ఇవ్వమని అల్లరి చేస్తారు. మా తాతలనాడు లేదు, హిందీ సినిమాల్లో చూసి నేర్చుకున్నారు. ఆ పెళ్ళికొడుకు బూట్లు కూడా మీగడరంగువే. ఆడపిల్లలు వేదిక కింద మీగడరంగు బూట్లు చూశారు, పట్టుకుపోయి అత్తారింటికి పంపే సారె డబ్బాల్లో ఒకదాన్లో సున్నుండల మధ్య దాచేశారు. తీరా చూస్తే పెళ్ళికొడుకు కాళ్ళకి బూట్లున్నాయి. ఎవరో ముందే చెప్పేసి వేరే జత ఇచ్చారనుకున్నారు. తర్వాత అప్పగింతలు, ఏడుపులు, ఎవరికి గుర్తుంటుంది? గన్నవరం దగ్గర అత్తగారింట్లో ముత్తైదువలందర్నీ పిలిచి సారె విప్పితే, సున్నుండల కింద నుంచి బూట్లు వచ్చాయి. నెయ్యి పట్టి నిగనిగలాడుతున్నాయట.

సీఐ గారు కడుపుబ్బ నవ్వారు. చిన్నపిల్లలు, సరదా అన్నారు. ఆ ఇంటికి నోటీసూ లేదు, నన్ను నిలబడమనీ చెప్పలేదు. చెప్పినా లాభం లేదులెండి. ఆ ఇళ్ళ గుమ్మాలు నాకంటే ఎత్తుగా ఉంటాయి, తల వంచే పని ఉండదు.

అతన్ని పొమ్మన్నారు. అరెస్టు చూపించలేదు కాబట్టి విడుదల కూడా చూపించక్కర్లేదు. కాగితాల ప్రకారం అతను ఆ మూడు రోజులూ తన ఇంట్లో హాయిగా ఉన్నాడు. "దొరికాయిరా, ఇక వెళ్ళు," అన్నారు ఎస్సై గారు. అతను లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏ కాలవలో దొరికాయి సార్?" అని అడిగాడు.

నేను అక్కడే, గుమ్మం పక్కనే ఉన్నాను. అతను గోడ వారగా, నాకు తగలకుండా ఒంటిని ముడుచుకుని, బయటికి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా మోకాళ్ళ నొప్పులని డాక్టరు చేత రాయించుకుని కోర్టు డ్యూటీకి మారిపోయాను. మోకాళ్ళు నిజంగానే నొప్పి కాబట్టి అసలు కారణం చెప్పాల్సిన అవసరం రాలేదు. అదీ నా ధైర్యం.

రిటైరయ్యాక, పోయిన వేసవిలో, గన్నవరం రోడ్డులో ఒక కల్యాణ మండపంలో పాత సహోద్యోగి కూతురి పెళ్ళికి వెళ్ళాను. బల్లలు వేసి, అరిటాకుల్లో బంతి భోజనం. నేను మామూలు చొక్కాలో ఉన్నాను, మీసం తెల్లబడింది. పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఆకు మీద నీళ్ళు చల్లుకుంటున్నాను. పులిహోర బక్కెట్టుతో ఒకతను వరసలో ఒక్కో ఆకూ దాటుకుంటూ వస్తున్నాడు. జుట్టు నెరిసింది. నా ఆకు దగ్గరికి వచ్చి గరిటె ఎత్తి, నా మొహం చూసి ఆగిపోయాడు.

బక్కెట్టు కింద పెట్టాడు. నేను ఏమీ అడగలేదు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టి, జేబుల గుడ్డ బయటికి లాగేశాడు. ఒక చేతిరుమాలు, ఒక సెల్‌ఫోను, రెండు వక్కపొడి పొట్లాలు. అన్నీ అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఏం లేదు సార్. చూస్కోండి," అన్నాడు.

బంతిలో నలుగురూ తలలు తిప్పి చూస్తున్నారు. "అయ్యో, అవన్నీ లోపల పెట్టుకోండి," అన్నాను. "నేను రిటైరయ్యానండి. ఆ రోజు మిమ్మల్ని కొట్టడానికి కాదండి. మెట్లెక్కి వచ్చాను కదా, చెమట పట్టిందండి. తుడుచుకోబోయానండి. క్షమించండి."

అతను నేను చెప్పిన విషయం విన్నాడో లేదో తెలియదు. నా నోటికేసి వింతగా చూస్తున్నాడు.

"మీకు మాటలొచ్చా సార్?" అన్నాడు.

"వచ్చండి," అన్నాను.

అతను జేబులు సర్దుకుని, బక్కెట్టు ఎత్తి, నా ఆకులో పులిహోర వడ్డించాడు, అందరికీ వేసినంతే. మండపంలో ఉక్కగా ఉంది. నా నుదుటి నుంచి చెమట కారి కంట్లోకి దిగుతోంది. అతను పక్క ఆకు దగ్గరే ఉన్నాడు. ఆ వరస పూర్తి చేసి వంటశాలలోకి వెళ్ళేదాకా నేను చెయ్యి ఎత్తలేదు.